వికలాంగ బాలల విద్యాపత్రము - అమెరికా రాష్ట్రముల నిబంధనల చరిత్ర

భూమి యెవరిదను తగవు వచ్చినపుడు పెద్దమనుష్యులు మొదట అడుగునది పత్రము. తాతల నాటినుండి దున్నుచున్నామన్న మాట ఎంత నిజమైనను, అడంగలులో పేరు, పట్టాలో సర్వే నంబరు లేనిచో ఆ మాట కచేరీ గడప దాటజాలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అంగవైకల్యము గల బిడ్డల చదువునకు ఇట్టి పత్రమొకటి ఏర్పడియున్నది. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్కటి. దానికి వ్యక్తిగత విద్యాప్రణాళిక యని పేరు. అచటివారు దానిని ఐ.ఇ.పి. యని వ్యవహరింతురు. బిడ్డ నేటికి ఎంతవరకు నేర్చెను, వచ్చు సంవత్సరమునకు ఎంత నేర్వవలెను, అందులకై బడి ఏమేమి చేయవలెను, ఎవరు ఎంతసేపు చెప్పవలెను అను సంగతులు అందు వ్రాయబడును. తల్లిదండ్రులు ఉపాధ్యాయులతో ఒకే బల్లచుట్టు కూర్చుండి దానిని వ్రాయింపవచ్చును, నచ్చనిచో కాదనవచ్చును, విచారణాధికారి యెదుట తగవు పెట్టవచ్చును.

దేశమంతటికిని మూలశాసన మొక్కటే. కాని ఆ పత్రమును వ్రాయు నిబంధనలు రాష్ట్రమునకొక తీరుగ నున్నవి, అవియు తరచు మారుచు వచ్చినవి. అవి మారినపుడెల్ల కొందరు బిడ్డలు బడిలోనికి వచ్చిరి, మరికొందరు వాకిటనే నిలిచిపోయిరి.

మొదటి దశ దయాధర్మముల కాలము. 1817లో కనెక్టికట్ రాష్ట్రమునందలి హార్ట్‌ఫర్డ్ పట్టణమున గాలొడెట్, ఫ్రాన్సునుండి వచ్చిన లోరాన్ క్లేర్ అను ఇరువురు కలిసి చెవిటివారి పాఠశాలను నెలకొల్పిరి. వీరిలో క్లేర్ తానే చెవిటివాడు. పిమ్మట 1832లో బోస్టన్ నగరమున శామ్యూల్ హౌ అను వైద్యుడు అంధుల పాఠశాలను ఆరంభించెను. పెర్కిన్స్ పాఠశాల యని ఖ్యాతికెక్కిన ఆ స్థలమున చదివిన అన్నీ సల్లివన్ 1887లో హెలెన్ కెల్లర్‌కు గురువయ్యెను. హెలెన్ కెల్లర్ కథ తెలుగు బాలురు వాచకములలో చదివినదే. అయితే ఆ విద్యాలయములు వసతి గృహములు, దాతల చలువతో నడచినవి. ఊరిబడి వేరు. ఆ బడిలో కూర్చుండు హక్కు ఆ పిల్లలకు ఎవరును ఈయలేదు.

ఇక్కడ ఒక వింత కలదు. 1852లో మసాచుసెట్స్ రాష్ట్రము నిర్బంధ విద్యాశాసనము చేసెను. ఒక్కొక్క రాష్ట్రమే దానిని అనుసరింపగా, 1918లో మిసిసిపీతో ఆ వరుస పూర్తియయ్యెను. బిడ్డలందరును బడికి రావలెనని నిర్బంధించిన ఆ శాసనములే, శరీరమో బుద్ధియో సరిగా లేనివారికి మినహాయింపు నిచ్చినవి. మినహాయింపన్న మాట చెవికి ఇంపుగ నుండును. పన్ను మినహాయింపు వంటిదే యనిపించును. కాని ఇచట మినహాయింపబడినది బిడ్డకు రావలసిన చదువు. 1893లో మసాచుసెట్స్ ఉన్నత న్యాయస్థానము, బుద్ధిమాంద్యము గల యొక బాలుని కేంబ్రిడ్జి పట్టణపు బడినుండి తొలగించుట న్యాయమే యని తీర్పు చెప్పెను. 1919లో విస్కాన్సిన్ రాష్ట్రమున ఆంటిగో పట్టణపు బాలుని కథ ఇంకను కఠినమైనది. ఆ బాలునకు పక్షవాతము వలన మాట తడబడును, చొల్లు కారును. చదువులో మాత్రము వెనుకబడినవాడు కాడు. అతని రూపము ఉపాధ్యాయులకును తోటి పిల్లలకును మనఃక్లేశము కలిగించుచున్నదని బడివారు వెళ్లగొట్టగా, రాష్ట్రపు పెద్ద న్యాయస్థానము బడివారినే సమర్థించెను. పాఠము రాలేదని కాదు, చూచుటకు బాగుండలేదని వెళ్లగొట్టిరి.

జనకమహారాజు యాగశాల వాకిట ద్వారపాలకుడు అష్టావక్రుని అడ్డగించిన కథ అరణ్యపర్వములో కలదు. ఆ బాలుడు వాకిటనే వాదించి, ద్వారపాలకుని ఒప్పించి, లోపలికి పోయి వందిని గెలిచెను. ఆంటిగో బాలునకు అష్టావక్రుని నాలుక లేదు. మాట పెగలని బిడ్డ తరఫున ద్వారపాలకునితో వాదించువారు ఎవరు? ఇరువదవ శతాబ్దము నడిమి వరకు ఎవరును లేరు. ఆ పిమ్మట వచ్చినవారు తల్లిదండ్రులే. బుద్ధిమాంద్యము గల పిల్లల తలిదండ్రులు 1950లో జాతీయ సంఘముగ ఏర్పడిరి. రాష్ట్రములందు శాఖలు వెలసినవి. 1954లో సుప్రీంకోర్టు, తెల్లపిల్లలకును నల్లపిల్లలకును వేరువేరు బడులు పెట్టుట సమానత్వము కాదని, రాష్ట్రము విద్య నొసగ బూనినచో దానిని అందరికిని సమానముగ నొసగవలయునని తీర్పు చెప్పెను. ఆ తీర్పులో వికలాంగుల ప్రసక్తి లేదు. అయినను ఆ తర్కము తమ బిడ్డలకు ఏల వర్తింపదని ఈ తలిదండ్రులు ఆలోచింప మొదలిడిరి.

ఆ ఆలోచన పెన్సిల్వేనియా రాష్ట్రమున ఫలించెను. అచట పెన్‌హర్స్ట్ అను ప్రభుత్వాశ్రమము కలదు. బుద్ధిమాంద్యము గలవారిని వేలకొలది అందు పెట్టి మరచిరి. 1968లో ఒక టెలివిజన్ విలేఖరి ఆ లోపలి దుఃస్థితిని లోకమునకు చూపెను. తలిదండ్రుల సంఘమువారు ఆశ్రమముపై వ్యాజ్యము వేయదలచి థామస్ గిల్‌హూల్ అను న్యాయవాదిని ఆశ్రయించిరి. గిల్‌హూల్ సోదరుడే ఆ ఆశ్రమవాసి. ఆయన వారికి వేరొక దారి చూపెను. ఆశ్రమమును బాగుచేయుమని కోరుటకంటె, బిడ్డలు ఆశ్రమమునకు పోవలసిన యవసరమే లేకుండ ఊరిబడి తలుపు తెరువుమని కోరుట మేలని చెప్పెను. ఆనాటి రాష్ట్ర నిబంధన ప్రకారము, ఒకటవ తరగతి నాటికి అయిదేండ్ల మానసిక వయస్సు రాని బిడ్డను బడి చేర్చుకొననక్కరలేదు. చదువునకు తగడని మనస్తత్వవేత్త వ్రాసియిచ్చినచో వెళ్లగొట్టనువచ్చును. ఒక సంతకముతో బిడ్డ రాష్ట్రపు లెక్కనుండి కొట్టివేయబడును.

1971 జనవరిలో వ్యాజ్యము దాఖలయ్యెను. ఆగస్టులో నిపుణులు సాక్ష్యమిచ్చిరి. వారు చెప్పినది సామాన్యముగ కనబడు మాటయే: నేర్వజాలని బిడ్డ లేదు, ఒకడు గణితము నేర్చును, ఒకడు తన యన్నము తాను తినుట నేర్చును, రెండును విద్యయే. ఆ సాక్ష్యము వినినపిమ్మట రాష్ట్రము వాదమును మానుకొని అక్టోబరులో రాజీకి ఒప్పుకొనెను. బుద్ధిమాంద్యము గల ప్రతి బిడ్డకును ఉచితముగ, వాని శక్తికి తగిన విద్య నీయవలయును. నోటీసు నీయక, తలిదండ్రుల మాట వినక బిడ్డను తొలగించుట గాని మార్చుట గాని కూడదు. ఇండ్లలో మిగిలిపోయిన బిడ్డలను రాష్ట్రమే వెదకి తేవలయును. ఈ కడపటి షరతు మిక్కిలి విలువైనది. హక్కు గలవాడు వచ్చి అడుగువరకు కచేరీ ఊరకుండుట లోకరీతి. ఇచట కచేరీయే గడపగడపకు పోవలసివచ్చెను.

మరుసటి సంవత్సరము రాజధానియైన వాషింగ్టన్ నగరమున ఏడుగురు పిల్లల పక్షమున నడచిన వ్యాజ్యములో న్యాయమూర్తి జోసెఫ్ వాడీ తీర్పు చెప్పెను. నగర విద్యామండలి, ధనము చాలదనెను. ధనము చాలనిచో ఆ కొరత అందరు పిల్లలపై పడవలెను గాని, వికలాంగ శిశువు నెత్తినే పడగూడదని న్యాయమూర్తి సమాధానము. బడ్జెటు లెక్కలు వ్రాయువారు గుర్తుంచుకొనదగిన తీర్పిది. కొరతను తక్కువ గొంతు గలవారి పద్దులో వేయుట సులభమైన పని, అది ఎల్ల దేశములలోను జరుగుచునే యున్నది.

అదే 1972లో మసాచుసెట్స్ శాసనసభ 766వ అధ్యాయమని పేరుపొందిన చట్టమును చేసెను. 1974 సెప్టెంబరునుండి అది అమలులోనికి వచ్చెను. 1893లో తలుపు మూసిన రాష్ట్రమే దానిని అందరికంటె వెడల్పుగ తెరచినది. బిడ్డకు సాధ్యమైనంత గరిష్ఠ వికాసము కలిగింపవలయునని ఆ రాష్ట్రము మాట యిచ్చెను. ఈ మాట యేమయ్యెనో ముందు తెలియును.

రాష్ట్రములలో ఇట్లు ఒకటొకటిగ వెలిగిన దీపములను చూచి కాంగ్రెసు దేశమంతటికిని శాసనము చేయ సంకల్పించెను. దేశమున 80 లక్షలకు పైబడి వికలాంగ బాలలు కలరనియు, వారిలో సగముకంటె ఎక్కువమందికి తగిన విద్య అందుటలేదనియు, 10 లక్షలమంది ప్రభుత్వ పాఠశాలలనుండి పూర్తిగ వెలియైయున్నారనియు ఆ శాసనమే తన పీఠికలో ఒప్పుకొనెను. 1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకము చేసెను. సంతకము చేయుచునే, ఈ చట్టము కేంద్రము ఈయగలిగినదానికంటె ఎక్కువ వాగ్దానము చేయుచున్నదని ప్రకటన వెలువరించెను. ఆయన శంక నిజమయ్యెను. ఒక్కొక్క విద్యార్థికి దేశమున సగటున అగు వ్యయములో 40 శాతము వరకు, వికలాంగ బాలల నిమిత్తము అదనముగ కేంద్రము రాష్ట్రముల కిచ్చునని చట్టము పలికెను. అది ఎన్నడును పూర్తిగ చెల్లింపబడలేదు. ఇటీవలి సంవత్సరములలో 15 శాతమునకు లోపుగనే యున్నది. మిగిలిన బరువు రాష్ట్రములును స్థానిక విద్యామండలులును మోయుచున్నవి. తరువాత చెప్పబోవు పెక్కు చిక్కులకు ఈ బాకీయే వేరు.

వ్యక్తిగత విద్యాప్రణాళిక యను పత్రము దేశమంతట విధి యైనది ఈ చట్టముతోనే. సంవత్సరమునకొకసారి తక్కువ గాకుండ దానిని తిరిగి చూడవలెను. బిడ్డను వీలైనంతవరకు తక్కిన పిల్లల నడుమనే చదివింపవలెను. మొదట సేవలు ఆరంభించుటకు తలిదండ్రుల సమ్మతి కావలెను. రాష్ట్రములు కేంద్రపు నిబంధనకు మించి ఈయవచ్చును గాని తగ్గింపరాదు. ఈ చట్టమునకు తోడుగ నుండవలసిన 1973 నాటి మరియొక చట్టపు 504వ విభాగమునకు నిబంధనలు వ్రాయక ప్రభుత్వము నాలుగేండ్లు జాగుచేయగా, 1977 ఏప్రిలులో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనమున మూడు వారములకు మించి బైఠాయించి సంతకము చేయించుకొనిరి. వారిలో నాయకురాలైన జూడిత్ హ్యూమన్‌ను బాల్యమున బ్రూక్లిన్ బడివారు చక్రముల కుర్చీ వలన అగ్నిప్రమాద సమయమున అపాయమని చేర్చుకొనలేదు. ఆమెయే 1993లో కేంద్ర విద్యాశాఖలో ప్రత్యేకవిద్యా విభాగమునకు అధికారిణి యయ్యెను.

చట్టము బిడ్డకు తగిన విద్య యనెను. తగినదనగా ఎంత? ఈ ప్రశ్న న్యూయార్కు రాష్ట్రమున ఏమీ రౌలీ అను చెవిటి బాలిక వలన తలయెత్తెను. తరగతిలో పలుకబడు మాటలలో సుమారు 60 శాతమునకు మించి ఆమెకు అందుటలేదు. అయినను తెలివిగలదగుటచే తరగతులు గట్టెక్కుచుండెను. సైగలభాషలో తెలుపు దుబాసీని పెట్టుడని తలిదండ్రులు కోరిరి. వారి తరఫున వాదించిన మైకేల్ చాటాఫ్ తానే చెవిటివాడు. న్యాయమూర్తుల ప్రశ్నలు తెరపై అక్షరములుగ కనబడుచుండగా చదివి ప్రత్యుత్తరములిచ్చెను. చెవిటి న్యాయవాది సుప్రీంకోర్టులో వాదించుట అదియే ప్రథమము. కాని 1982లో తీర్పు ఆ బాలికకు వ్యతిరేకముగ వచ్చెను. బిడ్డకు కొంత ప్రయోజనము కలిగిన చాలును, గరిష్ఠ వికాసము చట్టము కోరలేదని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తు లనిరి. వాకిలి తెరచుటయే చట్టపు పని గాని, లోన ఎంత పెట్టవలెనన్నది కాదన్నట్లయ్యెను.

ఆ తీర్పు తరువాతను మసాచుసెట్స్ తన గరిష్ఠ వికాసపు వాగ్దానమును కొంతకాలము నిలుపుకొనెను. క్రమముగ ఖర్చును గూర్చిన ఫిర్యాదులు పెరిగినవి. 2000లో ఆ రాష్ట్రపు శాసనసభ ఆ మాటను తొలగించి, కేంద్రచట్టపు మాటయైన తగిన విద్యనే ఉంచెను. 2002 జనవరి 1నుండి క్రొత్తమాట అమలయ్యెను. చట్టములో మారినవి కొలది పదములు మాత్రమే. గరిష్ఠమన్న మాట పట్టుకొని విచారణాధికారి యెదుట నిలుచు తల్లికిని, తగినదన్న మాట పట్టుకొని నిలుచు తల్లికిని గల తేడా ఆ బల్లవద్ద కూర్చున్నవారికే తెలియును. మరియొక వంక మిచిగన్ రాష్ట్రము కేంద్రచట్టపు వయఃపరిమితిని దాటి 26 ఏండ్ల వరకు ఈ విద్య నొసగుచున్నది. ఒకే దేశమున ఒకే లోపము గల ఇద్దరు యువకులలో ఒకడు ఇంటికి పోవును, ఒకడు బడిలోనే యుండును. సరిహద్దు రేఖ యొక్కటే కారణము.

రుజువు భారము విషయమున కూడ ఇట్లే జరిగినది. పత్రము బాగుండలేదని తగవు వచ్చినచో, బాగున్నదని బడి నిరూపింపవలెనా, బాగులేదని తలిదండ్రులు నిరూపింపవలెనా? 2005లో మేరీలాండ్ రాష్ట్రపు వ్యాజ్యములో సుప్రీంకోర్టు, తగవు తెచ్చినవారే నిరూపింపవలెనని చెప్పెను. తెచ్చువారు సామాన్యముగ తలిదండ్రులే. రికార్డులును నిపుణులును ఉన్నది బడివద్ద. ఈ తీర్పు వచ్చిన వెంటనే 2007లో న్యూయార్కు, 2008లో న్యూజెర్సీ తమ శాసనములను మార్చి ఆ భారమును బడిమీదనే వేసినవి. తక్కిన రాష్ట్రములలో పెక్కులు ఊరకున్నవి.

కేంద్రచట్టము సైతము పలుమారులు మారెను. 1990లో దాని పేరు మారెను. ఆటిజము, తల గాయము వలని వైకల్యము ప్రత్యేకముగ చేర్పబడినవి. బడి విడిచిన పిమ్మటి జీవనమునకు సన్నాహము పత్రములో ఎక్కవలెననిరి. 1997లో సామాన్య తరగతి ఉపాధ్యాయుడు ఆ బల్లవద్దకు వచ్చెను. రాష్ట్ర పరీక్షలలో ఈ పిల్లలను చేర్పవలెనని విధించిరి. 2004లో కాగితపు పని తగ్గింతుమని, పెక్కుమంది పిల్లల విషయమున సంవత్సర లక్ష్యమునకు మెట్లవంటి చిన్న లక్ష్యములను వ్రాయనక్కరలేదనిరి. ఉపాధ్యాయులకు కొంత ఊరట కలిగినమాట నిజము. కాని మెట్లు వ్రాయనిచోట బిడ్డ యెక్కుచున్నదో జారుచున్నదో ఏడాది తుదివరకు తలిదండ్రులకు తెలియుట కష్టము. సన్నాహపు వయస్సును కేంద్రము 14నుండి 16కు జరుపగా, మసాచుసెట్స్, టెక్సాస్ వంటి కొన్ని రాష్ట్రములు 14నే పట్టుకొన్నవి.

ఇక టెక్సాస్ రాష్ట్రపు కథ. ఈ చరిత్రలో దీనిని మించినది లేదు.

పెన్సిల్వేనియా రాజీలో మొలకెత్తిన షరతు కేంద్రచట్టములోను కలదు: వైకల్యము గల ప్రతి బిడ్డను రాష్ట్రము వెదకి కనుగొనవలయును. టెక్సాసులో ప్రత్యేకవిద్య పొందు పిల్లలు 2004 నాటికి మొత్తము విద్యార్థులలో సుమారు 12 శాతము. ఆ సంవత్సరము రాష్ట్ర విద్యాశాఖ స్థానిక మండలుల పనిని పరీక్షించుటకు క్రొత్త మార్కుల పట్టిక నొకదానిని ఏర్పరచెను. అందు ఒక గడిలో, ప్రత్యేకవిద్యలోని పిల్లలు 8.5 శాతమునకు లోపుగ నున్న మండలికి మంచి మార్కు. మించినచో తక్కువ మార్కు, సంజాయిషీ, దిద్దుబాటు ప్రణాళిక. శాసనసభలో దీనిపై చర్చ లేదు. కేంద్రమువారి యనుమతి లేదు. ఏ బిడ్డనును వెళ్లగొట్టుమని ఎచటను వ్రాయలేదు. ఒక పట్టికలో ఒక సంఖ్య వ్రాసిరి, అంతే.

లెక్కలు వ్రాయువారికి ఇట్టి సంఖ్యల మహిమ తెలియును. పైవారు కోరిన అంకె తెలిసినపిమ్మట క్రిందివారి లెక్కలు దానికి సరిపోవుటకు ఎక్కువకాలము పట్టదు. బడులు పరీక్షలను వాయిదా వేసినవి. ముందు వేరొక బోధనపద్ధతిని ప్రయత్నింతమని నెలలు గడపినవి. పూర్తి హక్కులు గల పత్రమునకు బదులు, 504వ విభాగము క్రింద స్వల్ప సౌకర్యముల పత్రముతో సరిపుచ్చినవి. చదువనేరని బిడ్డను సోమరి యనిరి, అల్లరివాడనిరి. టెక్సాసులో ఈ పత్రమును వ్రాయు సభకు చేర్చుట, సమీక్షించుట, విడుదల చేయుట అను మూడు పనుల పేరే గలదు. ఆ యేండ్లలో మూడవ పనియే ముమ్మరముగ సాగినట్లు తోచును. 2015 నాటికి రాష్ట్రపు సగటు ఇంచుమించు 8.5 శాతమునకు దిగివచ్చెను. దేశపు సగటు 13 శాతము. టెక్సాసులో పిల్లలకు ఆరోగ్యము హఠాత్తుగ కుదిరినదా యని ఎవరును అడుగలేదు. అడిగిన తల్లులు వేరువేరు ఊళ్లలో ఒంటరిగ అడిగిరి. తమ బిడ్డ ఒక్కడికే ఇట్లు జరిగినదని ఎవరికి వారు తలపోసిరి.

2016 సెప్టెంబరులో హ్యూస్టన్ క్రానికల్ అను దినపత్రిక ఈ సంఖ్యను బయటపెట్టెను. జాతీయపు సగటున ఉండిన యెడల టెక్సాసులో ఇంచుమించు 2,50,000 మంది పిల్లలు అదనముగ ఈ విద్య పొందియుందురని ఆ పత్రిక లెక్కగట్టెను. విద్యాశాఖ మొదట అది పరిమితి కాదు, సూచిక మాత్రమే యనెను. కేంద్ర విద్యాశాఖాధికారులు ఆ డిసెంబరులో పలు పట్టణములకు వచ్చి తలిదండ్రుల మాటలు స్వయముగ వినిరి. ఒంటరిగ అడిగినవారందరు ఒకే గదిలో ఒకరి కథ నొకరు వినిరి. 2017 మే నెలలో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టముపై గవర్నరు సంతకము చేసెను. సంఖ్యతో గాని శాతముతో గాని ఇట్టి హద్దు పెట్టుట నిషేధింపబడెను. 2018 జనవరి 11న కేంద్రము తన నివేదికలో, పిల్లలను వెదకి కనుగొను విధిని, తగిన విద్య నొసగు విధిని, మండలులను పర్యవేక్షించు విధిని టెక్సాస్ ఉల్లంఘించినదని తేల్చెను. పిమ్మటి సంవత్సరములలో ఆ రాష్ట్రపు శాతము మరల ఎగబ్రాకెను. అక్షరములు కుదురని డిస్లెక్సియా పిల్లలను సైతము కేంద్రచట్టము ప్రకారమే పరీక్షింపవలెనని 2023లో మరియొక చట్టము వచ్చెను.

అయినను 2004లో ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ 2016కు బడి ముగించియుండును. వాని చదువుకాలమంతయు ఆ సంఖ్య క్రిందనే గడచినది. ఎగవేసిన శిస్తును వడ్డీతో వసూలు చేయవచ్చును. తరువాత కొన్ని గంటల అదనపు పాఠములు ఇయ్యవచ్చును. ఏడేండ్ల వయస్సున అక్షరము నేర్వవలసిన కాలమును మాత్రము ఏ కచేరీయు తిరిగి చెల్లింపజాలదు.

టెక్సాసు శాసనసభ ఆ హద్దును చెరపివేయుచున్న 2017లోనే సుప్రీంకోర్టు రౌలీ తీర్పునకు కొంత ప్రాణము పోసెను. కొలరాడో రాష్ట్రమున ఆటిజము గల యొక బాలుని పత్రములో ఏటేటా ఇంచుమించు అవే లక్ష్యములు తిరిగి వ్రాయబడుచుండెను; గత ఫసలీ లెక్కలో తేదీ మాత్రము మార్చినట్లు. తలిదండ్రులు విసిగి ప్రైవేటు బడిలో వేయగా బాలుడు ముందుకు సాగెను. ఏ కొంచెము ప్రయోజనము కలిగినను చాలునను వాదమును న్యాయమూర్తులు ఏకగ్రీవముగ త్రోసిపుచ్చి, బిడ్డ పరిస్థితికి తగిన పురోగతి కలుగునట్లు పత్రము ఉండవలయుననిరి. అది మార్చి 22వ తేదీ. 2022-23లో ఈ చట్టము క్రింద విద్య పొందినవారు సుమారు 75 లక్షలమంది. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులలో 15 శాతము.

వీరిలో తెలుగింటి బిడ్డలును కలరు. డల్లస్ నగర పరిసరములందు తెలుగు కుటుంబములు విశేషముగ నున్నవి. వారికి ఉపకరించు నిబంధన యొకటి ఈ చట్టమున కలదు. పూర్వము కాలిఫోర్నియాలో స్పానిషు భాష మాటలాడు పొలముకూలీల పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, ఉత్తరము చెప్పలేదని బుద్ధిమాంద్యము గలవారి తరగతిలో వేసిరి. వారి భాషలో తిరిగి పరీక్షింపగా పెక్కుమందికి ఏ మాంద్యమును లేదని తేలెను. 1970లో ఆ వ్యాజ్యము రాజీతో ముగిసెను. నేడు వీలైనంతవరకు బిడ్డ ఎరిగిన భాషలోనే పరీక్షింపవలెను. పత్రము వ్రాయు సభలో తల్లికి గాని తండ్రికి గాని ఇంగ్లీషు రానిచో బడియే తన ఖర్చుతో దుబాసీని తేవలెను. తెలుగు తల్లి తెలుగులోనే అడుగవచ్చును. ఇరుగుపొరుగు ఏమనుకొందురో యని ఆ సభకు పోవుటకే జంకువారు మనవారిలో కలరు. బిడ్డ లోపమును దాచిన ఇంట ఆ పత్రము పుట్టదు.

కుటుంబము ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు మారినపుడు ఈ పత్రము గతి యేమి? 2004 నాటి చట్టము ప్రకారము క్రొత్త రాష్ట్రపు బడి తన పరీక్షలు తాను జరిపి క్రొత్తపత్రము వ్రాయువరకు పాతపత్రమునకు సమానమైన సేవలు చేయవలయును. ఆ పిమ్మట క్రొత్తబడి ఇష్టము. కెంటకీ రాష్ట్రమున ఒక బాలికకు తీవ్రమైన మూర్ఛవ్యాధి. ఉదయమున మూర్ఛలు ఎక్కువ. మధ్యాహ్నము దాటినగాని పాఠము వినజాలదు. అచటి బడివారు ఆలస్యముగ చేర్చుకొని, సాయంకాలము ఇంటివద్ద మిగిలిన పాఠములు చెప్పిరి. 2015లో కుటుంబము మిన్నెసోటాకు మారెను. అచటి మండలి సాయంకాలపు పాఠములకు ఒప్పుకొనలేదు. తోటిపిల్లలకు దినమునకు ఆరున్నర గంటల బడి కాగా, ఆ బాలికకు నాలుగుంబావు గంటలే దక్కినవి. అదే బిడ్డ, అదే వ్యాధి. ఊరు మాత్రము మారినది.

తలిదండ్రులు మొదట విచారణాధికారి యెదుట గెలిచిరి, పిమ్మట న్యాయస్థానములలోను గెలిచిరి. అదనపు బోధన లభించెను. వివక్షకు పరిహారము కోరినపుడు మాత్రము, బడివారు దురుద్దేశముతో చేసినట్లు నిరూపింపనిదే కుదరదని క్రిందికోర్టులు త్రోసివేసినవి. తక్కిన వికలాంగులు రుజువు చేయనక్కరలేనిదానిని బడిపిల్లలు మాత్రమేల రుజువు చేయవలయునని సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ ప్రశ్నించి, ఆ షరతును కొట్టివేసి వ్యాజ్యమును తిరిగి క్రిందికి పంపెను. ఆ తీర్పు తేదీ 2025 జూన్ 12. కుటుంబము రాష్ట్రము మారి అప్పటికి పదియేండ్లు.